సంచి సర్దేముందు దారి చూడండి: అనంతపురం నుంచి దూరం పోయే సైకిలిస్టు సామాను లెక్క

కొత్తగా రోడ్డు సైకిల్ కొన్న తమ్ముళ్లు నన్ను మొదట అడిగేది, "అన్నా, వంద కిలోమీటర్లు పోవాలంటే ఏమేం పెట్టుకోవాల?" అని. నేను తిరిగి అడిగేది ఒకటే: "ఏ దారిన పోతాండావు?"

గుత్తి వైపు 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే పెట్రోలు బంకులు, దాబాలు తగులుతూనే ఉంటాయి. తాడిపత్రి దాటి బెలుం గుహల వైపు తిరిగితే మాత్రం పొద్దున ఆరింటికి అంగడి తెరిచి ఉంటుందన్న నమ్మకం లేదు. మనిషి అదే, సైకిల్ అదే, దూరమూ ఇంచుమించు అంతే. సంచిలో సామాను మాత్రం వేరు.

అందుకే నేను సామానును రెండు కుప్పలుగా వేసుకుంటాను. దారిలో దొరికేవి, దొరకనివి. అరటిపండ్లు, టీ, బిస్కెట్లు, దూది, డెట్టాలు ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతాయి. మన సైకిల్‌కు సరిపోయే సన్నటి ట్యూబు, చైను లింకు, వెనక గేర్లు మార్చే డీరెయిలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ దొరకవు. మొదటి కుప్పలో సగం ఇంట్లోనే వదిలేయొచ్చు. రెండో కుప్పలో ఒక్కటి మరిచినా ఆ రోజు ప్రయాణం అక్కడితో ఆగిపోతుంది.

మొదటి పని: దారిని కాగితం మీద పెట్టండి

ఉదాహరణకు బెలుం దారే తీసుకుందాం. అనంతపురం నుంచి బుక్కరాయసముద్రం మీదుగా తాడిపత్రికి సుమారు 55 కిలోమీటర్లు, అక్కడి నుంచి బెలుంకు ఇంకో 30. పోయి వస్తే 170. గంటకు 22 చొప్పున తొక్కినా దాదాపు 8 గంటలు సైకిల్ మీదే ఉంటారు. కాగితం మీద గీత గీసి, నీళ్లు దొరికే ఊర్లు, ఆ ఊర్ల మధ్య దూరం రాయండి. మ్యాపులో ఊరి పేరు కనపడినంత మాత్రాన అక్కడ అంగడి తెరిచి ఉంటుందని అనుకోవద్దు. మీరు పోయే గంటకు తెరిచి ఉండేవే లెక్కలోకి రావాలి.

తర్వాత గాలి. మన సీమలో దీన్ని లెక్కేయకుండా సామాను సర్దడం కుదరదు. జూన్ నుంచి ఆగస్టు దాకా, ముఖ్యంగా ఆషాఢంలో, పడమటి గాలి ఊపిరాడనీయదు. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఊరికే కాదు. ఆ నెలల్లో తాడిపత్రికి పోయేటప్పుడు గాలి వీపున తోస్తుంది, కాళ్లు తేలిగ్గా ఆడతాయి, ఈ రోజు బాగా తొక్కుతున్నానని అనిపిస్తుంది. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి ముఖానికి కొడుతుంది. పోయేటప్పుడు గంటకు 24 పోయిన మనిషి వచ్చేటప్పుడు 15కు పడిపోతాడు. అంటే రెండున్నర గంటల్లోపు ముగియాల్సిన ఆఖరి 55 కిలోమీటర్లకు దాదాపు నాలుగు గంటలు పడుతుంది, అదీ ఎండలో. నీళ్లు, తిండి ఆ నాలుగు గంటల లెక్కన సర్దుకోవాలి. కొత్తవాళ్లయితే వానాకాలంలో ముందు ఉరవకొండ, కళ్యాణదుర్గం వైపు పోయి రండి. పోయేటప్పుడు ఎదురుగాలి, ఇంటికొచ్చేటప్పుడు తోడుగాలి ఉంటుంది.

రెండో పని: పంచరు సామాను

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మన జిల్లాల్లో దూరపు ప్రయాణం ఆగిపోయిందంటే ఎక్కువగా ఇందుకే.

మన రోడ్ల మీద టైర్లకు మూడు శత్రువులు. మొదటిది పల్లేరు కాయ. చూడటానికి శెనగ గింజంత ఉంటుంది, ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. రోడ్డు అంచున మట్టి మొదలయ్యే చోట ఇది ఎక్కువ. రెండోది జాలి కంప. చేలకు కంచె వేయడానికి ట్రాక్టర్లలో కంప తీసుకుపోతుంటే దారంతా ముళ్లు రాలతాయి. మూడోది పేలిపోయిన లారీ టైర్లలోంచి ఊడిన ఉక్కు తీగ ముక్క. వెంట్రుకంత సన్నగా ఉంటుంది, కంటికి ఆనదు. తాడిపత్రి దగ్గర పడేకొద్దీ బండల లారీల నుంచి రాలిన రాతి పెచ్చులు కూడా తోడవుతాయి.

ఒకసారి తాడిపత్రి దాటాక నా వెనక చక్రం కూర్చుంది. ఎండ ఎక్కుతోందని తొందరపడి, టైరు లోపల సరిగ్గా చూడకుండా కొత్త ట్యూబు వేసి బయల్దేరాను. రెండు కిలోమీటర్లు పోకముందే అదీ పోయింది. టైరులో విరిగి ఉండిపోయిన ముల్లు మొనే రెండో ట్యూబునూ పొడిచింది. దగ్గర ఇంకో ట్యూబు ఉంది గానీ, పంపు వాషరు ఆ రోజే అరిగిపోయి గాలి పట్టలేదు. లారీలకు పంచరు వేసే అంగడి దాకా నడిపించుకుంటూ పోయాను. ఆయన వాల్వును వేళ్లతో తిప్పి చూసి, "ఏందన్నా ఇంత సన్నముంది మూతి? మా పైపు దీనికి పట్టదు" అన్నాడు. తప్పు ఆయనది కాదు. పది రూపాయల నాణెం కంటే చిన్నదైన ఇత్తడి అడాప్టర్ నా సంచిలో లేకపోవడం వల్ల ఆ రోజు సైకిల్‌ను ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాను.

బైకులకు, కార్లకు ఉండే లావు వాల్వును ష్రేడర్ అంటారు. రోడ్డు సైకిళ్లకు ఎక్కువగా ఉండేది సన్నగా, పొడుగ్గా ఉండే ప్రెస్టా. దాని కొనన ఉన్న చిన్న మరను వదులు చేస్తేనే గాలి ఎక్కుతుంది. ఇత్తడి అడాప్టర్ ఒకటి దానికి బిగిస్తే ఏ పంచరు అంగడి గాలైనా పట్టించుకోవచ్చు. ఒకటి సంచిలో, ఇంకొకటి పంపుకు టేపుతో అంటించి పెట్టుకోండి. లారీ కంప్రెసర్‌తో గాలి పెట్టేటప్పుడు మాత్రం క్షణం క్షణం ఆపుతూ పట్టమని చెప్పండి. మన ట్యూబు చిన్నది, చూస్తుండగానే నిండిపోతుంది.

పంచరుకు నేను పెట్టుకునేవి ఇవి:

- మీ టైరు కొలతకు సరిపోయే ట్యూబులు రెండు. 150 కిలోమీటర్లు దాటితే మూడు.
- టైరు ఊడదీసే లివర్లు రెండు, ప్లాస్టిక్‌వి.
- ప్యాచీలు, ఉప్పుకాగితం ముక్క, సీలు తీయని సొల్యూషన్ ట్యూబు. ఒకసారి తెరిచిన సొల్యూషన్ మన ఎండలకు లోపలే ఎండిపోతుంది.
- చిన్న చేతి పంపు.
- పాత టైరులోంచి కత్తిరించిన రెండంగుళాల ముక్క. టైరు పక్క చీలితే లోపల అడ్డం పెట్టడానికి.
- ఒక పిన్నీసు.

టైరులో గాలి నింపే చిన్న కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ గుళికలు కావాలంటే ఒకటి పెట్టుకోండి. 16 గ్రాముల గుళిక ఒక రోడ్డు టైరును క్షణాల్లో నింపుతుంది. కానీ గుళిక ఒక్కసారికే. పైగా ఆ గ్యాసు రబ్బరులోంచి త్వరగా జారిపోతుంది కాబట్టి ఇంటికొచ్చాక మామూలు గాలి నింపుకోవాలి. పంపును ఇంట్లో పెట్టి గుళికనే నమ్ముకుని పోవడాన్ని నేను ఒప్పుకోను.

ఇప్పుడు ట్యూబు మార్చే తీరు. ఇంట్లో టైరు ఎక్కించేటప్పుడే టైరు మీది కంపెనీ పేరు సరిగ్గా వాల్వు దగ్గరకు వచ్చేలా పెట్టుకోండి. పంచరైనప్పుడు ట్యూబు తీసి, కొంచెం గాలి పట్టించి, చెంప దగ్గర పెట్టుకుని తిప్పండి. చెవికి వినపడని గాలి కూడా చెంపకు తగులుతుంది. చిల్లి వాల్వుకు ఎంత దూరంలో ఉందో జానతో కొలిచి, టైరు మీద పేరు నుంచి అంతే దూరంలో అటూ ఇటూ వెతకండి. ముల్లు అక్కడే ఉంటుంది. లోపల వేలితో తడమొద్దు, ఉక్కు తీగైతే వేలు తెగుతుంది. నూలు గుడ్డతో మెల్లగా తుడవండి. మొన ఉన్న చోట గుడ్డ పోగు చిక్కుకుంటుంది. దాన్ని పిన్నీసుతో బయటికి తోడండి. ఒక ముల్లు దొరికిందని ఆగకుండా చక్రమంతా ఒక చుట్టు చూడండి. పల్లేరు ఒక్కటే గుచ్చుకోవడం అరుదు.

చిల్లి ఒకటి కాక, పక్కపక్కనే రెండు గాట్లుగా పాముకాటులా ఉంటే అది ముల్లు పని కాదు. గాలి తక్కువై, గుంతలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ముకు నలిగిందన్నమాట. అప్పుడు ముల్లు కోసం వెతకడం దండగ, ఈసారి గాలి ఎక్కువ పట్టండి. 28 మిల్లీమీటర్ల టైరుకు 70 కిలోల మనిషి 70 నుంచి 80 పీఎస్‌ఐ గాలి ఒత్తిడి పెట్టుకుంటే మన రోడ్లకు బాగుంటుంది.

ప్యాచీ వేసేటప్పుడు సొల్యూషన్ రాసి వెంటనే అంటించకండి. తడి పోయి, తాకితే వేలికి అంటకుండా ఆరాక అంటించాలి. నీడన నాలుగైదు నిమిషాలు, ఎండలో అంతకంటే తక్కువే.

మూడో పని: పనిముట్లు

4, 5, 6 మిల్లీమీటర్ల ఎలెన్ కీలు (ఆరు పలకలవి), స్క్రూడ్రైవరు, చైను విప్పే సాధనం కలిసి ఉన్న మల్టీటూల్ ఒకటి చాలు. మీ సైకిల్ బోల్టుల్లో ఏదైనా నక్షత్రం ఆకారంలో ఉంటే దానికి సరిపోయే కీ మీ మల్టీటూల్‌లో ఉందో లేదో ఇంట్లోనే చూసుకోండి.

తెగిన చైనును మళ్లీ కలిపే క్విక్ లింకులు ఒక జత. 9 స్పీడు (వెనక తొమ్మిది గేర్లు) చైనుకు 9 స్పీడుదే, 11కు 11దే కావాలి. ఒకదానిది ఇంకొకదానికి పట్టదు. చైను తెగితే దెబ్బతిన్న లింకు తీసేసి, క్విక్ లింకు రెండు భాగాలనూ కలిపి, చైను పై వరుసలోకి వచ్చేలా పెడల్ తిప్పండి. వెనక బ్రేకు గట్టిగా పట్టుకుని పెడల్ మీద ఒక్క తొక్కు తొక్కితే టక్కుమని కూర్చుంటుంది.

డీరెయిలర్ హ్యాంగర్ చిన్న ముక్కే, కానీ ఒక్కో ఫ్రేముకు ఒక్కో రకం. సైకిల్ కుడివైపు పడితే మొదట వంగేది ఇదే. మీ ఫ్రేముకు సరిపోయేది తెప్పించుకుని సంచి అడుగున పడేయండి. నాలుగు జిప్ టైలు, పంపుకు చుట్టిన రెండడుగుల ఇన్సులేషన్ టేపు. ఇంతకు మించిన రిపేరు రోడ్డు మీద చేయాల్సి వస్తే బస్సో ఆటోనో ఎక్కడమే మంచిది.

నాలుగో పని: నీళ్లు, ఉప్పు

750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. ఎండలో గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా తాగాల్సి వస్తుంది, ఏప్రిల్, మే నెలల్లో ఇంకా ఎక్కువే. బెలుం పోయి రావడానికి 8 గంటలకు దాదాపు 5 లీటర్లు. సీసాల్లో పట్టేది లీటరున్నర. అంటే దారిలో కనీసం మూడుసార్లు నింపుకోవాలి. ముందు గీసుకున్న కాగితం మీద ఆ మూడు చోట్లూ గుర్తు పెట్టుకోండి. ఎండాకాలంలో చలివేంద్రాలు ఉంటాయి, కుండ నీళ్లు చల్లగా ఉంటాయి. ఊర్లలో క్యాన్ల నీళ్ల ప్లాంట్లు ఉంటాయి. సీసా సగమైనప్పుడు నీళ్లు కనిపిస్తే ఆగి నింపుకోండి. పూర్తిగా అయిపోయాక వెతుకుదామనుకుంటే మన దారుల్లో కుదరదు.

ఒక సీసాలో మామూలు నీళ్లు, ఇంకో సీసాలో ఓఆర్‌ఎస్. చెమటతో ఉప్పు పోతుంది. ఉప్పు లేకుండా నీళ్లే తాగుతూ పోతే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వికారం, అయోమయం వస్తాయి. ముదిరితే ప్రాణానికే ప్రమాదం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్యాకెట్ 20.5 గ్రాములు ఉంటుంది, లీటరు నీళ్లలో కలపాలి: సోడియం క్లోరైడ్ 2.6, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. ముప్పావు లీటరు సీసాకు ముప్పావు ప్యాకెట్టే వేయండి. చిక్కగా కలిపితే కడుపు తిప్పుతుంది.

మందుల అంగట్లో అడిగేటప్పుడు ప్యాకెట్ వెనక ఈ అంకెలు చూసి తీసుకోండి. డబ్బాల్లో అమ్మే తీపి పానీయాలు చాలా ఏళ్లు ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకుని అమ్ముడుపోయాయి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీని మీద పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో, ఫార్ములాకు సరిపోని పానీయాలకు ఆ పేరు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. ఆవిడ పట్టుదల వల్ల మనలాంటివాళ్లకూ మేలు జరిగింది.

ఎండలో తొక్కుతూ ఒళ్లు జలదరించినా, చెమట ఆగిపోయినా, తల దిమ్మెక్కినా ఇంకో ఊరి దాకా పోదామనుకోవద్దు. నీడకు చేరి, గుడ్డ తడిపి మెడ మీద, తల మీద వేసుకోండి. అందుకే పంచరు దగ్గర చెప్పిన ఆ నూలు గుడ్డను, చేతి రుమాలు కంటే కాస్త పెద్దదాన్ని, నేను ఎప్పుడూ వదలను. టైరు తుడవడానికి ఒకటి, ఒంటికి ఒకటి వేరుగా పెట్టుకోండి.

బెలుం గుహల లోపల చల్లగా ఉంటుందనుకుని పోయేవాళ్లుంటారు. కొన్ని చోట్ల ఉక్కపోత మామూలుగా ఉండదు. 3,229 మీటర్ల పొడవున్న గుహల్లో సందర్శకులను తిప్పే దారి నడిచి వచ్చేసరికి ఇంకా చెమట కారుతుంది. లోపలికి పోయేముందు తాగండి, బయటికి రాగానే సీసాలు నింపుకోండి.

ఐదో పని: తిండి

గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలి. ఓఆర్‌ఎస్‌లో ఉండే గ్లూకోజ్ లీటరుకు 13.5 గ్రాములే కాబట్టి అది తిండి కిందకు రాదు. ఓ మోస్తరు అరటిపండులో పాతిక గ్రాముల పైచిలుకు ఉంటుంది.

నేను జేబులో పెట్టుకునేది ఓళిగ, అదే బొబ్బట్టు. పండగ మిగులు కాదు, ప్రయాణం కోసమే చేయించుకుంటాను. పలచగా, నెయ్యి తక్కువ వేసి, పూర్ణంలో చిటికెడు ఉప్పు ఎక్కువ వేసి. నాలుగు ముక్కలు చేసి, బటర్ పేపరులో చుట్టి, వీపు జేబులో పెట్టుకుంటే ముప్పావు గంటకో ముక్క. ఎండకు కరగదు, నలిగినా పాడుకాదు, బెల్లం త్వరగా శక్తినిస్తుంది. జెల్ ప్యాకెట్లతో మూడేళ్లు తొక్కాను. ఓళిగతో తొక్కినప్పుడే నా కడుపు నెమ్మదిగా ఉంది.

శెనక్కాయల జిల్లా కాబట్టి శెనక్కాయల చిక్కీ అందరికీ గుర్తొస్తుంది. మంచిదే, కానీ శెనక్కాయల్లో కొవ్వు ఎక్కువ, నెమ్మదిగా అరుగుతుంది. ప్రయాణం మొదటి సగంలో తినండి. కాళ్లు లాగేసే ఆఖరి గంటల్లో ఖర్జూరాలు, బొరుగుల ఉండలు మేలు. తాడిపత్రిలో టిఫిను చేస్తే ఉగ్గాని తినండి, బజ్జీ వద్దు. నూనె వస్తువు కడుపులో ఉంటే ఎదురుగాలిలో తొక్కడం కష్టం. సంగటి ఇంటికొచ్చాక.

ఆకలేసేదాకా ఆగకుండా మొదటి గంట నుంచే తినడం మొదలుపెట్టండి.

ఆరో పని: ఒంటి మీద, సైకిల్ మీద

హెల్మెట్, కళ్లద్దాలు, చేతులకు తొడుగులు, ప్యాడు ఉన్న షార్ట్స్. తొడలు ఒరుసుకునే చోట వాజిలిన్ ముందే రాసుకోండి, చిన్న డబ్బాలో కొంచెం వెంట కూడా ఉండాలి. సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి. వాన సూచన ఉంటే పలచటి జాకెట్.

వాన పడ్డ మర్నాడు నల్లరేగడి మట్టిలోకి మాత్రం సైకిల్ దించకండి. తాడిపత్రి ప్రాంతంలో ఆ మట్టి టైరుకు, బ్రేకుకు మధ్య సిమెంటులా పట్టేస్తుంది, చక్రం తిరగదు.

వెనక ఎర్ర లైటు పగలూ వెలగాలి. తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరేవాళ్లకు ముందు లైటు, మెరిసే చొక్కా తప్పనిసరి. బండల లారీలు, సిమెంటు లారీలు అప్పటికే రోడ్డు మీద ఉంటాయి. ముందు ముందు 200 కిలోమీటర్ల బ్రెవేకు (గడువులోపు ముగించాల్సిన దూరపు సైకిల్ ప్రయాణం) పోవాలనుకునేవాళ్లు దాన్ని 13 గంటల 30 నిమిషాల్లో, దారిలో హాజరు వేయించుకునే కంట్రోలు పాయింట్ల దగ్గర తప్ప వెనక కారు సాయం లేకుండా ముగించాలి. లైట్లు, జాకెట్ వాడే అలవాటు ఇప్పటి నుంచే మొదలవ్వాలి.

ఏడో పని: ఫోను, డబ్బు, సబ్బు

ఫోను జిప్ కవరులో. లేకపోతే వీపు చెమటకు తడిసిపోతుంది. మ్యాపును ముందే దింపుకోండి, లొకేషన్ ఇంట్లోవాళ్లకు పంపండి. చిన్న పవర్ బ్యాంకు ఒకటి. ఫోనుపే ఎక్కడైనా పనిచేస్తుందన్నది నిజమే, కానీ ఫోను చచ్చిపోతే పనిచేయదు. 500 రూపాయలు చిల్లరగా, యాభైలు, వందలుగా పెట్టుకోండి.

ఒక కాగితం మీద మీ పేరు, రక్తం గ్రూపు, ఇంటి ఫోన్ నంబరు, ఏవైనా మందులు పడకపోతే ఆ సంగతి రాసి హెల్మెట్ లోపల అంటించండి. ఫోనుకు తాళం పడి ఉంటే కాపాడేవాళ్లకు ఆ కాగితమే దిక్కు. అంబులెన్సుకు 108, అత్యవసరానికి 112, జాతీయ రహదారి మీదైతే 1033. ఇవి కంఠతా వచ్చి ఉండాలి.

సబ్బు ముక్క చూసి చాలామంది ఎందుకని అడుగుతారు. కుక్కల కోసం. పల్లెల మొదట్లో పొద్దున్నే కుక్కలు వెంటపడతాయి. వేగం పెంచకుండా దిగి, సైకిల్‌ను మీకూ కుక్కకూ మధ్య పెట్టుకుని నడిస్తే చాలావరకు వదిలేస్తాయి. కరిచినా, గోరు గీరినా వెంటనే సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. తర్వాత ఆ రోజే ఆసుపత్రికి పోయి రేబీస్ టీకా మొదలుపెట్టాలి. చేలో బోరు నీళ్లు దొరకొచ్చు, సబ్బు దొరకదు. దీనితో పాటు నాలుగు బ్యాండేజీలు, గాయం మీద వేసే పలచటి గాజ్ గుడ్డ, చిన్న బెటాడిన్ సీసా. చాలు.

ఏది ఎక్కడ పెట్టాలి

వీపు సంచి వద్దు. మన ఎండలో వీపు ఉడికిపోతుంది, నడుము లాగుతుంది. సీటు కింద లీటరు పట్టే సంచిలో ట్యూబులు, పనిముట్లు. ట్యూబులను పాత సాక్సులో పెట్టి మడవండి. లేకుంటే మల్టీటూల్ అంచు రోజూ ఒరుసుకుని, కొత్త ట్యూబుకు సంచిలోనే చిల్లి పడుతుంది. అది తెలిసేది పంచరైన రోజునే. పంపు ఫ్రేముకు. తిండి వీపు జేబుల్లో, కుడి చేతికి అందేలా. ఫోను, డబ్బు మధ్య జేబులో.

ముందు రోజు రాత్రి అన్నీ నేల మీద పరిచి, ఒక్కోటి చేత్తో పట్టుకుని చూసి సర్దండి. ట్యూబుకు కొంచెం గాలి పట్టి చూడండి, పంపు వాషరు పట్టుతోందో లేదో చూడండి, లైట్లు వెలిగించండి.

తిరిగొచ్చిన సాయంత్రం స్నానం చేశాక, పంచరైన ట్యూబులకు ప్యాచీ వేసి, నీళ్ల బకెట్లో ముంచి బుడగలు రావడం లేదని చూసి, మళ్లీ సాక్సులో పెట్టి సంచిలోకి. వాడిన ఓఆర్‌ఎస్ బదులు కొత్త ప్యాకెట్, చిల్లర ఖర్చైతే మళ్లీ చిల్లర. తర్వాతే సంగటి ముద్ద ముందు కూర్చోండి.